వ్యాసర్పాడి గడప

చెన్నపట్నంలో ముప్పయ్యేళ్ళుగా కాపురముంటున్నవారు గూడా వ్యాసర్పాడిని రైలు కిటికీలోంచి చూచినవారే గాని, దిగి చూచినవారు తక్కువ. సెంట్రలు నుంచి అరక్కోణం వైపు పోయే లోకల్ బండి బేసిన్ బ్రిడ్జి దాటిన తర్వాత ఆగే స్టేషను అది. బోర్డు మీద 'వ్యాసర్పాడి జీవా' అని వుంటుంది. జీవా అంటే 1963లో కీర్తిశేషులైన కమ్యూనిస్టు నాయకుడు జీవానందం. వ్యాసమహర్షీ, జీవానందమూ ఒకే పలక మీద కూర్చోవటం చూచి ప్రతిసారీ నవ్వుకొనేవాళ్ళం. అంతకు మించి ఆ పేటతో మాకు పని పడలేదు. ఒక ముసలమ్మగారు అన్న మాట మమ్మల్ని అక్కడ దించింది.

"అయ్యా, ఇక్కడ నడిచేది మా ఆయన కాదండీ. ఇంట్లో వుండేది వేరే మనిషి."

ఆ మాట ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ముందు మా పని సంగతి కొంత చెప్పాలి. మేము నరాల వైద్యులము. కొన్నేళ్ళుగా మాజీ సైనికులను చూచే ఒక ప్రభుత్వ వైద్యశాలలో, బయటి రోగుల గదిలో కూర్చుంటున్నాము. సైన్యంలో పనిచేసి పింఛను పుచ్చుకొనేవారికీ, వారి మీద ఆధారపడినవారికీ 2003 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం ఒక వైద్యపథకం నడుపుతున్నది. పొడి అక్షరాలలో ఇ.సి.హెచ్.ఎస్. అంటారు. ఒక్కసారి చందా కడితే చాలు, బ్రతికినన్నాళ్ళూ వైద్యం. 1996కు ముందు పదవి విరమించినవారు ఆ చందా గూడా కట్టనక్కర లేదు. దేశంలో నాలుగు వందలకు పైగా పాలిక్లినిక్కులు వున్నవి. జ్వరానికీ, చక్కెర జబ్బుకీ, రక్తపోటుకీ అక్కడే మందులిస్తారు. నరాల జబ్బని తోస్తే చీటీ రాసి సైనికాసుపత్రికో, పథకంలో చేరిన ప్రైవేటు ఆసుపత్రికో, మావంటివారి దగ్గరికో పంపుతారు.

అలా చీటీ పట్టుకొని వచ్చేవారిలో పక్షవాతం వచ్చి తేరుకొన్నవారు, మూర్ఛలవారు, చక్కెర జబ్బు వల్ల అరికాళ్ళు మొద్దుబారినవారు, మరపు ముదిరినవారు, చేతులు వణికేవారు వుంటారు. ఒక్కొక్కరికి పది పన్నెండు నిమిషాలు. ఆ నిమిషాలలో పాత కాగితాలు చూడాలి, మనిషిని చూడాలి, మందు రాయాలి, ఆ రాసింది కంప్యూటరులో ఎక్కించాలి. మనిషి వంతుకు ఎన్ని మిగులుతాయో పాఠకులే లెక్క వేసికోవచ్చు.

మాజీ సైనికులను చూడటంలో ఒక చిక్కున్నది. అది పాఠ్యపుస్తకాలలో లేదు. ఇతర ఆసుపత్రులలో రోగి లోపలికి వస్తూనే తన బాధ చెప్పుకొంటాడు. వీరు చెప్పరు. తల దువ్వుకొని, చొక్కా గుండీలన్నీ పెట్టుకొని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, వెన్ను నిటారుగా పెట్టి లోపలికి వస్తారు. "ఎలా వున్నారు?" అంటే "ఫస్ట్ క్లాస్ సార్" అంటారు. పటాలంలో జబ్బు అని పేరు రాయించుకొన్నవాణ్ణి పని తప్పించుకొనేవాడుగా చూస్తారు. పదిహేనేళ్ళు, ఇరవయ్యేళ్ళు ఆ భయంలో బ్రతికినవారు ముసలితనంలో మా ముందు కూర్చుని మోకాలు నొప్పి అంటారా? మా విద్యలో సగం చూపులోనే వున్నది. సుత్తితో మోకాలి మీద కొట్టటం తర్వాతి మాట. మనిషి తలుపు నుంచి కుర్చీ దాకా ఎట్లా నడిచాడు, చేతులు ఊగినవా లేదా, మళ్ళటానికి ఎన్ని అడుగులు వేశాడు అన్నది చూచి సగం రోగం పట్టుకొంటాము. ఆ నాలుగడుగులూ కవాతు చేసి చూపిస్తే మేము పట్టుకొనేదేమున్నది!

మన హవల్దారుగారు అట్లాంటివారే. పేరు చెప్పటం మర్యాద కాదు. తెలుగువారు. 1969లో మద్రాసు శాపర్సులో చేరి, 1971 యుద్ధంలో తూర్పు సరిహద్దున వంతెనలు కట్టి, 1986లో ఇంటికి వచ్చినారు. 1780 నుంచి వస్తున్న ఆ దళంలో వారిని సైన్యమంతా 'తంబి' అనే పిలుస్తుంది. తెలుగువాడైనా తంబియే, కన్నడిగుడైనా తంబియే. ఆయనకు నాలుగేళ్ళ క్రిందట కుడి చేయి వణకటం మొదలైంది. మన పూర్వులు కంపవాతమన్నారు. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండను వైద్యుడు దాన్ని వర్ణించి ఒక చిన్న పుస్తకం వేశాడు గనుక ఇప్పుడు ఆయన పేరుతో పిలుస్తున్నారు. మేము లెవోడోపా మాత్రలు రాశాము. మూడు నెలలకొకసారి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా తలుపు నుంచి కుర్చీ దాకా చక్కగా నడిచేవారు. వెనక నిలబడి భుజాలు పట్టి లాగితే స్తంభంలాగా నిలిచేవారు. వెంట వచ్చే ఇల్లాలు ప్రతిసారీ, "ఇంట్లో పడిపోతున్నారండీ" అనేది. ఆయన "లేదు సార్" అనేవారు.

మేము ఎవరిని నమ్మాము? సిగ్గు విడిచి చెబుతున్నాము, ఆయన్నే నమ్మాము. కళ్ళెదుట నడక బాగుంటే ఆ మాట ఎట్లా వినేది? పైగా ఆవిడతో, "అమ్మా, మీరు ఊరికే కంగారు పడుతున్నారు. ఆయన మీకంటే గట్టిగా వున్నారు" అన్నాము. ఆవిడ అప్పుడు అన్న మాటే పైన రాసింది. అది విని గూడా "నడక బాగున్నది, పడుట లేదు" అని కాగితం మీద రాసి పంపించాము. మూడుసార్లు అదే రాశాము. నాలుగోసారి ఆయన ఎడమచేతికి కట్టుతో వచ్చినారు. మణికట్టు విరిగింది. ఇంటి గడప దగ్గర పడ్డారట. స్టాన్లీ ఆసుపత్రి దగ్గరే గనుక అక్కడ కట్టు కట్టించుకొని వచ్చినారు. ఆవిడ ఈసారి ఏమీ అనలేదు. కుర్చీలో కూర్చుని గోడకేసి చూస్తున్నది. అంతకంటే ఆవిడ నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

"మీ ఇల్లెక్కడమ్మా?" అని అడిగాము.

"వ్యాసర్పాడి. జీవా స్టేషన్లో దిగి పటాలం తాత ఇల్లని ఎవరినడిగినా చెబుతారు."

(అక్కడికి దగ్గరలోనే పట్టాళమని ఒక పేటే వున్నది. ఆ గుర్తు పట్టుకొని పోతే తాత దొరకడు, పేట దొరుకుతుంది. మాకు ఈ తిప్పలు జరిగినవి.)

ఒక ఆదివారం ఉదయం ఆవడిలో బండెక్కాము. ఆవడి అంటే పెద్దలకు 1955 నాటి కాంగ్రెసు మహాసభ, అందులో సోషలిస్టు తరహా సమాజమన్న తీర్మానం జ్ఞాపకం వస్తవి. సైనికులకు మాత్రం టాంకుల కర్మాగారం. 1965లో తొలి 'విజయంత' బయటికి వచ్చింది అక్కడినుంచే. బండి అణ్ణనూరు, తిరుముల్లైవాయల్, అంబత్తూరు, కొరట్టూరు, విల్లివాక్కం దాటింది. తర్వాత పెరంబూరు పేరుతో మూడు స్టేషన్లు వరుసగా వస్తవి - లోకో, కారేజి, వట్టి పెరంబూరు. 1955లో నెహ్రూగారు ప్రారంభించిన రైలుపెట్టెల కర్మాగారం అక్కడిదే. మేము దారి పొడుగునా గడియారం చూస్తూనే వున్నాము. హవల్దారుగారు మా దగ్గరికి వచ్చేది ఇదే మార్గాన గదా, ఈ ప్రయాణంలో ఆయన ఒంట్లో ఏమి జరుగుతున్నదని మాకు ఒక అనుమానం పుట్టింది. దాని సంగతి తర్వాత.

బండి దిగటమే ఒక పరీక్ష. లోకల్ బండి అర నిమిషం ఆగుతుందేమో. పెట్టెకూ ప్లాట్‌ఫారానికీ మధ్య సందు, వెనకనుంచి తోపులాట. కాలు కదలనని మొండికేసే మనిషి ఇక్కడ దిగటమెట్లా? మా గదిలో తలుపు నుంచి కుర్చీ దాకా పదకొండడుగుల నున్నని నేల. ఆ నేల మీద నడిపించి బాగున్నదని రాశాము!

వ్యాసర్పాడి పాత వూరు. వ్యాసుడు తపస్సు చేసిన చోటని పేరుకు కథ చెబుతారు. రవీశ్వరస్వామి గుడి వున్నది. సూర్యుడు శివుణ్ణి కొలిచిన స్థలమట. ఇది వూరి పురాణం. వూరికి అన్నం పెట్టిన చరిత్ర వేరు. ఇక్కడికి కూతవేటులో బకింగ్‌హామ్, కర్ణాటిక్ మిల్లులుండేవి. 1918లో మద్రాసు కార్మిక సంఘం పుట్టిందీ, 1921లో పెద్ద సమ్మె జరిగిందీ ఆ మిల్లు కూలీల వల్లనే. 1996లో మిల్లు మూతబడ్డది. ఆ మిల్లుల ఖాకీ గుడ్డకు దేశమంతా పేరు. సైన్యం తొడిగిన ఖాకీలో ఎంతో భాగం ఈ మగ్గాల మీద నేసిందే. హవల్దారుగారి తండ్రి ఆ మిల్లులో పనిచేశాడు. పటాలంలో చేరిన తొలిరోజున కొత్త నిక్కరు చేతిలో పెట్టగానే వాసన చూచి "ఇది మా నాయన మిల్లుది" అన్నారట. నిజమో, తాత గొప్పకు చెప్పిందో మాకు తెలియదు గాని, వినటానికి బాగున్నది.

ఇల్లాలి కథ వేరు. ఆవిడ తల్లిదండ్రులు శ్రీకాకుళం వైపునుంచి రంగూను పోయినవారు. 1962లో బర్మాలో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో దుకాణాలు జాతీయం చేసిన తర్వాత మన వాళ్ళు లక్షల మీద కట్టుబట్టలతో వచ్చేసినారు గదా. ఆవిడ తొమ్మిదేళ్ళ పిల్లగా ఓడ దిగింది. అట్లా వచ్చినవారిలో కొందరికి వ్యాసర్పాడిలో చోటు దొరికింది. ఈనాటికీ ఇక్కడ సాయంత్రం బండ్ల మీద 'అత్తో' అనే బర్మా సేమ్యా వంటకం అమ్ముతారు. మేము తిన్నాము, చింతపండు పులుసు, వేయించిన ఉల్లిపాయ, గట్టి కారం - మన నోటికి పరాయిది కాదు.

సందులో రెండు పక్కలా మోటారు సైకిళ్ళు, నీళ్ళ పీపాలు, రంగురంగుల ప్లాస్టిక్ బిందెల వరుసలు. పిల్లలు బంతి తన్నుతున్నారు. ఈ పేటలో ఫుట్‌బాల్ అంటే ప్రాణం. ప్రతి ఇంటికీ గడప ఎత్తుగా వుండటం చూచి ఆశ్చర్యపోయినాము. కారణం అడిగితే ఒక ముసలాయన నవ్వి, "మీరు వానాకాలం రాలేదు" అన్నాడు. పల్లపు పేట. నాలుగు చినుకులు గట్టిగా పడితే గణేశపురం సొరంగమార్గం చెరువవుతుంది, సందులోకి నీళ్ళు వస్తవి. నీళ్ళు లోపలికి రాకుండా గడపలు జానెడు ఎత్తు కట్టుకొన్నారు. ఆ వానలలోనే ఎవరికైనా పక్షవాతం వస్తే? మెదడులో గడ్డను కరిగించే సూదిమందు నాలుగున్నర గంటల లోపల పడాలి. పథకం వారు అత్యవసరానికి ఏ ఆసుపత్రికైనా పోవచ్చుననీ, రెండు రోజులలోగా పాలిక్లినిక్కుకు కబురు చేస్తే చాలుననీ నియమం పెట్టినారు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మేము గూడా అంతకు ముందు వారికి చెప్పలేదు.

మేము పోయేసరికి తొమ్మిదిన్నర. హవల్దారుగారు లోపలి గదిలో మంచం మీద వున్నారు. మమ్మల్ని చూచి లేవబోయినారు. రెండోసారికి గాని లేవలేకపోయినారు. ముఖంలో కదలిక లేదు. వచ్చి గడప దగ్గర ఆగిపోయినారు. ఆగిపోవటమంటే ఆలోచిస్తూ ఆగటం కాదు, పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు. మడమలు వణుకుతున్నవి, ఒళ్ళు ముందుకు వంగుతున్నది, కాళ్ళు రావటం లేదు. పడేదాకా ఇంక ఎంతో దూరం లేదు. మనుమడు పరుగెత్తి వచ్చి పట్టుకొన్నాడు. పుస్తకాలలో దీన్ని 'గడ్డకట్టుట' అని రాస్తారు. గుమ్మాల దగ్గర, ఇరుకు సందులలో, మలుపులలో ఎక్కువ. మా గదిలో ఈ మనిషి ఇట్లా ఒక్కసారి గూడా కనిపించలేదు.

ఆవిడ మా ముఖం చూచింది. "చూచినారా" అని అనలేదు.

దారిలో మాకు కలిగిన అనుమానం అప్పుడు తీరింది. మాత్ర ఎప్పుడు వేసుకొంటారని అడిగితే ఆవిడ వివరంగా చెప్పింది. ఇంట్లో వున్న రోజు పొద్దున పెద్ద గ్లాసెడు పాలతో, మధ్యాహ్నం పప్పూ పెరుగూ కలిపిన అన్నం తిని ఆ వెంటనే. మా దగ్గరికి వచ్చే రోజు మాత్రం పాలు తాగరు, ఇడ్లీ తినరు. ఏమీ తినకుండా మాత్ర వేసుకొని రైలెక్కుతారు. లెవోడోపా కడుపులోంచి రక్తంలోకీ, రక్తంలోంచి మెదడులోకీ పోయేటప్పుడు పాలు, పప్పు, మాంసం వంటి మాంసకృత్తులు దానితో పోటీపడి దారి అడ్డగిస్తవి. పరగడుపున వేసుకొంటే అరగంట, ముప్పావుగంటలో పనిచేస్తుంది. వ్యాసర్పాడి నుంచి మా గుమ్మానికి పట్టే కాలం సరిగ్గా అంతే! మేము చూచింది మాత్ర నడిపించిన మనిషిని; ఆవిడతో కాపురం చేసేది పాలు అడ్డుపడిన మనిషి.

"ఎందుకు చెప్పలేదు హవల్దారుగారూ?"

చాలాసేపటికి నోరు కదిలింది. "ఇన్‌స్పెక్షన్ రోజున బూటు మెరవాలి గదా సార్."

ఆయన మోసం చేయలేదు. పరగడుపున వేసుకొంటే బాగుంటుందని తనంతట తాను కనిపెట్టి, ఆ బాగును మా కోసం దాచిపెట్టినారు. రోజూ అట్లా వేసుకోవచ్చునని ఆయనకు ఎవరూ చెప్పలేదు. మేము చీటీ మీద రోజుకు మూడుసార్లు అని ఇంగ్లీషులో గిలికి వూరుకొన్నాము. ఇల్లాలికి వచ్చింది తల్లి నేర్పిన తెలుగు అక్షరాలు. కొడుకు చదివింది తమిళం.

ఈ మందు కథ గూడా చెన్నపట్నానికి దూరమైంది కాదు. దూలగొండి విత్తులలో లెవోడోపా వున్నదని 1937లో వేరు చేసి చూపినవారు దామోదరన్, రామస్వామి. మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన ప్రయోగశాలలో. అది కంపవాతానికి మందుగా నిలబడింది 1967లో, అమెరికాలో కోట్‌జియాస్ అనే వైద్యుడు పెద్ద మోతాదులలో ఇచ్చి చూచిన తర్వాత. మధ్యలో ముప్పయ్యేళ్ళు. (ఇది చదివి ఎవరూ దూలగొండి నూరుకొని తాగవద్దు. మోతాదు తెలియని మందు మందు కాదు.)

ఆనాడు మేము చేసినది కొద్ది. మాత్ర తిండికి అరగంట ముందు వేసుకోవాలనీ, పాలూ పప్పూ రాత్రి భోజనానికి జరపాలనీ తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాము. వేళలు నాలుగు చేశాము. గడప సంగతి మిగిలింది. కంపవాతంలో పోయేది తనంతట తాను సాగే నడక. మనసు పెట్టి, ఒక గీత దాటాలనో, ఒక లెక్కకు అడుగు వేయాలనో అనుకొంటే మెదడు వేరే దారిన ఆ పని చేయించుకొంటుంది. నేల మీద అడ్డగీతలు గీస్తే నడుస్తారని చెప్పి, రంగు టేపు ఎక్కడ దొరుకుతుందని అడిగాము. ఆవిడ మాట పూర్తి కాకుండానే లోపలికి పోయి ముగ్గుపిండి తెచ్చింది. గడపకు ఇవతల నాలుగు, అవతల నాలుగు అడ్డగీతలు. చేయి తిరిగిన మనిషి గదా, స్కేలు పెట్టి గీసినట్లున్నవి.

"ఏక్, దో అనండి హవల్దారుగారూ" అన్నాము.

ఆయన సందులోకి చూచినారు. పిల్లలున్నారు. సిగ్గుపడ్డారు. తర్వాత మెల్లగా, గొంతులోనే, "ఏక్... దో... ఏక్" అంటూ గీత మీద గీత దాటి గడప ఎక్కి దిగినారు. రెండోసారీ దాటినారు. మూడోసారి ఎవరిదో ఫోను మోగింది, మళ్ళీ కాళ్ళు అతుక్కొన్నవి. ఇది మంత్రం కాదు. తొందర పెడితే, పక్కన మాట వినబడితే చెడిపోతుంది. మధ్యాహ్నానికి ముగ్గు చెరిగిపోతుందని మనుమడు మర్నాడు తెల్ల పెయింటు వేశాడట.

మాతో చదువుకొన్న ఒకరు అమెరికాలో మాజీ సైనికుల ప్రభుత్వాసుపత్రిలో ఇదే పని చేస్తున్నారు. ఈ సంగతి రాస్తే జవాబు వచ్చింది. వియత్నాంలో చెట్ల ఆకులు రాల్చటానికి చల్లిన విషద్రవ్యం తగిలినవారికి కంపవాతం వస్తే, అది కొలువు వల్ల వచ్చినదిగానే ఎంచి భృతి ఇవ్వాలని అక్కడ 2010లో నియమం చేసినారట. అక్కడి రోగులు గూడా "ఫైన్ డాక్" అంటారుట. ఆయన ఇప్పుడు వారంలో కొందరిని కంప్యూటరు తెర మీద వారి వంటింట్లోనే నడిపించి చూస్తున్నారు. ఆ ఉత్తరం చదివి మాకు అసూయ కలిగింది గాని, వ్యాసర్పాడి సందులో ఆ తెరకు వాన వాసన, గడప ఎత్తు తెలుస్తవా అని గూడా అనిపించింది. ఏమైనా, అందరి ఇళ్ళకూ మేము పోలేము. రోజుకు ముప్పయిమంది వస్తారు, మా జీవితం చాలదు. అందుచేత మా గదిలో కొన్ని మార్పులు చేసికొన్నాము. రోగి కంటే ముందు ఇల్లాలినో, కోడలినో అడుగుతాము, వీలైతే వేరుగా కూర్చోబెట్టి. మాత్ర ఎన్ని గంటలకు, దేనితో అని అడుగుతాము. పదకొండడుగుల నేల చాలించి, బయట ఇరుకు వరండాలో మందుల కిటికీ దగ్గర జనం మధ్య నడిపించి చూస్తాము. ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలు ఎక్కువవుతున్నది. బయట క్యూలో వున్నవారు గొణుగుతున్నారు. ఆ గొణుగుడు న్యాయమైనదే. దానికి మా దగ్గర జవాబు లేదు.

మూడు నెలలకు హవల్దారుగారు వచ్చినారు. ముందే మేము ఒక మాట చెప్పి పంపించాము: ఈసారి పొద్దున మాత్ర వేసుకోకుండా రండి, మా దగ్గర వేసుకొందురు గాని, అని. అది ఆయనకు ఎంత కష్టమో మాకు తెలుసు. కాలికి మాత్రమే కాదు. ఒక పక్క మనుమడు, ఒక పక్క ఇల్లాలు పట్టుకొని వచ్చినారు. చొక్కా గుండీలు రెండు తప్పు కాజాలలో వున్నవి. ఎప్పుడూ గుమ్మంలో చేసే సెల్యూటు చేయబోయినారు, చేయి సగం లేచి ఆగింది. ఆవిడ ఆ చేతిని మెల్లగా దించి, కుర్చీలో కూర్చోబెట్టి, "ఇదండీ మా ఆయన" అన్నది.

కాగితం తీసి, తేదీ వేసి, చూచినది చూచినట్లు రాసికోవటం మొదలుపెట్టాము. మాత్ర వేశాక ముప్పావుగంట వరండాలో కూర్చున్నారు. పన్నెండు గంటల బండికి నడిచి వెళ్ళినారు.